బీరువాలో మునిగిన గడియారం

సోమన్నను పోయిన వారం మనం నంద్యాల నూనెపల్లెలో, రామేశ్వరమ్మ మిద్దె మీది ఒంటి గదిలో వదిలిపెట్టి వచ్చాం. అరచేతిలో ఆరిపోయిన యంత్రం పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడకు 2003 జూన్ క్యాలెండరు. ఆ రోజు శనివారం. ఎల్లుండి సోమవారం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. ఆ సోమవారం అతను కొండ కింద రిజర్వాయరులో, ఇరవై రెండు మీటర్ల లోతున ఉన్న తూము దగ్గరికి దిగాలి. తలుపు పూర్తిగా మూసుకోవడం లేదట, ఊచల దగ్గర ఏదో అడ్డం పడిందట. రెండేళ్ళ కింద చిరంజీవి కాళ్ళు పోగొట్టుకున్నది ఆ తూము దగ్గరే. ఆ తర్వాత అక్కడికి ఎవరూ దిగలేదు.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం రెండు మాటలు. సోమన్న నీళ్ళ అడుగున పని చేసే మనిషి. నందికొట్కూరు వైపు కృష్ణ ఒడ్డున, చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. శ్రీశైలం నీళ్ళు వాళ్ళ ఊరిని ముంచిన ఏడు అన్న తిమ్మయ్య ఇల్లు వదిలి పోయాడు. ఇరవై రెండేళ్ళుగా అజా పజా లేదు. సోమన్న విశాఖపట్నం హార్బరుకు పోయి, గాలి పైపు నోట పెట్టుకుని లోతుల్లో పని చేయడం నేర్చుకుని తిరిగొచ్చాడు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేవాడు. ఎత్తేవాళ్ళు కూడా తగ్గిపోయారు, ఇప్పుడు అతనికి నలభై రెండేళ్ళు.

చిరంజీవి ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఇంటి పిల్లవాడు. ఉలి మీద మనసు నిలవక సోమన్న వెంట నీళ్ళలోకి వచ్చాడు. శిష్యుడన్నా, తోడన్నా, తమ్ముడన్నా సోమన్నకు అతనొక్కడే. లోతు నుంచి మనిషి ఒక్కసారిగా పైకి రాకూడదు. దారిలో ఆగి ఆగి రావాలి. లేకపోతే సోడా సీసా మూత తీసినట్టు ఒంట్లో నెత్తురు పొంగుతుంది. ఆ రోజు చిరంజీవి మూడోసారి దిగాడు. గట్టు మీద తాడు పట్టుకున్నది సోమన్న. కింద నుంచి తాడు నాలుగుసార్లు గుంజితే ప్రాణం మీదికి వచ్చిందని, ఆపకుండా లాగమని గుర్తు. నాలుగు గుంజులు చేతికి తగిలాయి. సోమన్న ఆపకుండా లాగాడు. పైకొచ్చిన చిరంజీవి నడుము కింద మళ్ళీ ఏదీ కదల్లేదు.

కాంట్రాక్టరు, ఇంజనీరు, గట్టు మీది కూలీలు అందరిదీ ఒకటే మాట. తాడు ఎవరూ గుంజలేదు, నీటి వాలుకు కదిలింది, సోమన్న కంగారుపడి లాగేశాడు. చిరంజీవి అవునని అనలేదు, కాదని అనలేదు. కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగాడు. అతని తల్లి మహానందమ్మ ఆసుపత్రి వాకిట్లో గుప్పెడు మన్ను తీసి సోమన్న ముందు పోసి, నీకూ గట్టు దొరకకుండా పోవాల అంది. రెండేళ్ళుగా సోమన్న ఆళ్ళగడ్డ మొహం చూడలేదు. నాలుగు గుంజులు తగిలాయా, తగిలినట్టు అనుకున్నాడా? ఈ ఒక్క ప్రశ్న అతన్ని చెదపురుగు తొలిచినట్టు తొలిచింది. రాను రాను తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది.

అందుకే ఆ యంత్రం కొన్నాడు.

దాని పేరు డైవ్ కంప్యూటర్. పేరు విని బల్ల మీద పెట్టే పెద్ద పెట్టెను ఊహించుకోకండి. మణికట్టుకు కట్టుకునే లావాటి గడియారం, అంతే. ఎంత లోతులో ఉన్నావు, ఎంతసేపు ఉన్నావు, పైకి వచ్చేటప్పుడు ఎక్కడ ఎంతసేపు ఆగాలి, అన్నీ అదే లెక్కగట్టి చూపిస్తుంది. గట్టు మీదివాడు పొరబడినా అది పొరబడదు. హార్బరులో పాత ఆఫీసరు ఒకాయన తెప్పించి లారీ పార్సిల్లో పంపించాడు. ఉగాది దాటిన వారానికి చేరింది. సోమన్న అట్టపెట్టె విప్పి, దాన్ని చేతికి పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. చూపించడానికి ఎవరూ లేరు కాబట్టి తనే చూసుకున్నాడు.

పెట్టెలో ఒక పుస్తకం ఉంది. ఆరు భాషల్లో ఉంది. ఆరింట్లో తెలుగు లేదు. సోమన్నకు ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా తెలుసు, కూడితే తెలియదు. గాంధీచౌకులో గడియారాలు బాగుచేసే శశిధర్ దగ్గరికి తీసుకుపోయాడు. శశిధర్ వాళ్ళది తాతల నాటి వ్యాపారం. ఇంటర్మీడియట్లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పి, మూడోసారి ఫీజు కట్టకుండా ఊరుకున్న మనిషి. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది.

రెండు మీటలు ఒకేసారి మూడు సెకన్లు నొక్కాలి. ఒక వేలు ముందు లేస్తే మళ్ళీ మొదటికి పోతుంది. సముద్రమా మంచినీళ్ళా అని అడుగుతుంది. ఎంత ఎత్తున ఉన్న ఊరు అని అడుగుతుంది. తేదీ అడుగుతుంది, టైము అడుగుతుంది. జవాబు ఆలస్యమైతే అలిగి తెర ఆర్పేసుకుంటుంది. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరు అన్నాడు శశిధర్. ఎట్లాగో ఒక పూటకు పని ముగించారు. మర్నాడు సోమన్న ఒక రైతు బావిలో దిగి చూశాడు. అడుగున ముప్పై ఆరు చూపించింది. ఆ బావి పదకొండు మీటర్లని తాడు వేసి కొలిచినవాడు సోమన్న. ఇదీ అబద్ధాల కోరేనని మూడు రోజులు దాని మొహం చూడలేదు. నాలుగోరోజు శశిధర్ పుస్తకంలో బొమ్మ చూసి కనిపెట్టాడు. అది చెబుతున్నది అడుగుల లెక్క.

లెక్క సరిపోయింది, ఇక బ్యాటరీ మొదలుపెట్టింది. రెండేళ్ళు వస్తుందని పుస్తకంలో ఉన్న బ్యాటరీ పన్నెండో రోజుకు చచ్చింది. బిళ్ళలాంటి బ్యాటరీయే గాని లావుగా ఉంటుంది. నంద్యాలంతా తిరిగినా పలచటివే దొరికాయి. శశిధర్ పలచటిదాని కింద సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం నాలుగు మడతలు పెట్టి కూర్చోబెట్టాడు. అది వెలగలేదు సరికదా, లోపలి రేకు వంగిపోయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ఆ రేకు సరిచేసి, హైదరాబాదు నుంచి లావుపాటి బ్యాటరీలు మూడు తెప్పించారు. మొదటిది పది రోజులు. రెండోది తొమ్మిది రోజులు. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ యంత్రం అంతా మరిచిపోయి మళ్ళీ సముద్రమా మంచినీళ్ళా అని మొదలుపెట్టేది. సోమన్నకు దాన్ని చూస్తే అసూయగా ఉండేది. ఒక్క ఊపున అంతా మరిచిపోయే యోగం మనిషికి లేదు.

వాడకపోయినా ఎందుకు చస్తోంది? అతను దాన్ని ప్రాణంలా చూసుకునేవాడు. దుమ్ము పడకుండా స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, బీరువాలో దాచేవాడు. నీళ్ళలో జారిపోకుండా దాని పట్టీకి నైలాను దారం కట్టి, నాయన నేర్పిన ముడి వేశాడు. రెండు మెలికలు తిప్పి కొసను వెనక్కి దోపే ముడి అది. తడిస్తే బిగుస్తుంది, ఆరితే రెండు వేళ్ళకు వదులుతుంది. ఆ ఇంటి ముడి బయటివాళ్ళకు నేర్పొద్దని నాయన చెప్పిపోయాడు. సోమన్న ఆ మాట ఒక్కసారే తప్పాడు, చిరంజీవి కోసం.

ఇదీ సంగతి. శనివారం పొద్దున రెండో బ్యాటరీ కూడా పోయిన యంత్రాన్ని జేబులో వేసుకుని సోమన్న గాంధీచౌకుకు నడిచాడు. శశిధర్ దగ్గర ఇంకొక్క బ్యాటరీయే మిగిలింది. అది కూడా పోతే సోమవారం మళ్ళీ చేతిగడియారం, తాడు ముడులు. తాడు పట్టుకోవడానికి కాంట్రాక్టరు పంపించే కూలీ మనిషి, ఎవరో కూడా తెలియదు. వద్దని చెబితే పని ఇంకెవరికో పోతుంది. పోతే పోనీ అనుకోవచ్చు. కాని ఆ తూము దగ్గరికి ఇంకొకడిని పంపించి గట్టున కూర్చోవడం సోమన్న వల్ల కాదు. దిగితే తనే దిగాలి. ఏదైనా అయితే తనకే కావాలి. అడిగేవాళ్ళు లేని మనిషికి అదొక సౌకర్యం.

శశిధర్ ఈసారి బ్యాటరీ వేయలేదు. ముందు కంటికి భూతద్దం తగిలించుకుని యంత్రాన్ని నలువైపులా తిప్పి చూశాడు. పట్టీ పైకెత్తి ఆగిపోయాడు. పట్టీ కింద, అంచున, రెండు చిన్న లోహపు చుక్కలు పక్కపక్కన ఉంటాయి. ఆ రెండింటి మీదా, వాటి నడుమ సందులోనూ ఎర్రగా ముద్ద కట్టి ఉంది. సూదితో గీకి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాడు.

"అన్నా, ఇది కుంకమ. కింద పసుపుండాది. ఇంకా తడిగా ఉండాది చూడు."

సోమన్నకు అర్థం కాలేదు. శశిధర్ పుస్తకం తెరిచి ఒక బొమ్మ చూపించాడు. ఇన్నాళ్ళూ ఆ బొమ్మ ఏమిటో పట్టించుకోలేదు. ఆ రెండు చుక్కల నడుమ తడి తగిలితే చాలు, యంత్రం తనంతట తను మేలుకుంటుంది. నీళ్ళలోకి దిగినవాడు మీట నొక్కడం మరిచిపోయినా ఇబ్బంది లేకుండా పెట్టిన ఏర్పాటు అది. స్టీలు డబ్బాలో గాలి ఆడక ఆ ముద్ద ఆరలేదు.

"అంటే ఏందంటే, ఇది బీరువాలో ఉండి నీళ్ళలో ఉండాననుకుంటాంది. పాపం, పగలూ రాత్రీ ఎదురుచూస్తాంది, మునిగేదానికి."

శశిధర్ నవ్వాడు. సోమన్న నవ్వలేదు. తన గదిలో దేవుడి పటం లేదు, కుంకుమ భరిణె లేదు. ఊరు మునిగినప్పటి నుంచి అతను ఏ దేవుడితోనూ మాట్లాడటం లేదు. మరి తాళం వేసిన బీరువాలో, మూత బిగించిన డబ్బాలో కుంకుమ పెట్టింది ఎవరు?

శశిధర్ పాత టూత్ బ్రష్షుతో చుక్కలు రుద్ది, గుడ్డతో తుడిచి, చివరి బ్యాటరీ వేశాడు. తెర వెలిగింది. మీటలు తర్వాత చూసుకుందామని సోమన్న దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తిరిగొచ్చాడు.

రామేశ్వరమ్మ వసారాలో చేటలో బియ్యం ఏరుకుంటోంది. గది తాళంచెవి ఇంకొకటి ఆమె దగ్గరే ఉంటుంది, బీరువా తాళంచెవి గూట్లో ఉంటుందనీ ఆమెకు తెలుసు. సోమన్న అడిగిన ఒక్క మాటకే చేట కింద పెట్టేసింది. దాచే మనిషి కాదు, దాచమని ఎవరో ఒట్టు పెట్టించుకుంటే ఇన్నాళ్ళు ఆపుకుంది. శుక్రవారం శుక్రవారం ఆళ్ళగడ్డ నుంచి ఒకామె నంద్యాల ఆసుపత్రికి వస్తుందట, మంచాన పడ్డ కొడుకు పుండ్లకు మందులు తీసుకుపోవడానికి. బస్సుకు టైముంటే ఈ వసారాలో కూర్చుంటుందట. ఏప్రిల్లో ఒకసారి మాటల మీద కొత్త యంత్రం సంగతి, సోమన్న మళ్ళీ ఆ తూములోకే దిగుతాడన్న సంగతి చెప్పిందట రామేశ్వరమ్మ. అప్పటి నుంచి ఆమె వచ్చినప్పుడల్లా రెండు నిమిషాలు గది తీయమని అడుగుతుందట.

ఏం తీసుకుపోలేదు కదప్పా, కుంకమే కదా పెట్టింది, తప్పేముంది అంది రామేశ్వరమ్మ. సోమన్న మెట్లు ఎక్కలేదు. అట్నుంచి అటే బస్టాండుకు నడిచాడు.

పదకొండు గంటల బస్సు. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. ఎడమవైపు నల్లమల తెల్లటి ఎండలో మసక మసకగా కదులుతోంది. సోమన్నకు ఆ కుంకుమ పెట్టిన చేయి మీద కోపం వచ్చింది, వెంటనే ఆ కోపం నిలవక ఏడుపు వచ్చింది. శాపం పెట్టిన మనిషి వారం వారం వచ్చి తన గదిలో నిలబడిందంటే నమ్మలేకపోతున్నాడు. రెండేళ్ళుగా ఆ గదిలోకి తను తప్ప ఎవరూ అడుగు పెట్టలేదని అనుకున్నాడు. శుక్రవారాలు తను బయటికి పోయినప్పుడు ఆ గది ఒంటరిగా లేదన్నమాట. శిరివెళ్ళ దాటాక అనుకున్నాడు, ఏమని అడగాలి? ఎందుకు పెట్టినావని అడగాలా, ఎందుకు చెప్పలేదని అడగాలా? ఆళ్ళగడ్డలో దిగేవరకు తేలలేదు.

విగ్రహాల వీధి మారలేదు. రెండు వైపులా పందిళ్ళ కింద ఉలుల చప్పుడు, గాలిలో రాతిపొడి. సగం చెక్కిన దేవుళ్ళు ఎండలో వరసగా పడుకుని ఉన్నారు. చిరంజీవి ఇంటి ముందు పందిట్లో నులక మంచం మీద ఒకడు కూర్చుని, ఒక చిన్న నంది విగ్రహాన్ని ఒళ్ళో పెట్టుకుని, గిన్నెలో నీళ్ళు చల్లుతూ సానరాయితో నునుపు చేస్తున్నాడు. భుజాలు రెండింతలయ్యాయి. కాళ్ళ మీద దుప్పటి కప్పి ఉంది. సోమన్నను చూసి చిరంజీవి చేయి ఆగింది.

మహానందమ్మ లోపల్నుంచి వచ్చి గడప దగ్గర నిలబడిపోయింది. సోమన్న జేబులోంచి యంత్రం తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. ఆమెకు ఇంక వేరే ప్రశ్న అక్కర్లేకపోయింది. చెంగు భుజం మీదికి లాక్కుని, గట్టిగానే అంది.

"నేనే పెట్టినా. మా ఇండ్లల్లో కొత్త ఉలికి పసుపు కుంకమ పెట్టంది రాయికి తాకీరు. ఈ వస్తువుకు ఎవురు పెడతారు? నీకెవురుండారు? మొగం చూస్తే అద్దమే. బొట్టు యాడ పెట్టేది? బొమ్మకైతే కండ్లు ఉంటాయి. అంతా తిప్పి ఎతికినా. ఆ పట్టీ కింద రెండు కండ్లు కనపడినాయి. ఆటికి పెట్టినా. నువ్వు చూస్తే కడిగేస్తావని పైన కొంగుతో తుడిచినా."

విగ్రహాలు చెక్కేవాళ్ళ ఇంట్లో ఏ బొమ్మకైనా చివరగా తెరిచేది కళ్ళే. కళ్ళు తెరిచాకే అది చూస్తుంది. ఆ ఇంట ముప్పై ఐదేళ్ళు బతికిన మనిషి కళ్ళు వెతకక ఏం చేస్తుంది? సోమన్నకు చెప్పక తప్పలేదు. ఆ కుంకుమ వల్లే బ్యాటరీలు చచ్చాయని, అది బీరువాలో ఉండి నీళ్ళలో ఉన్నాననుకుందని, వీలైనంత మెత్తగా చెప్పాడు. ఆమె మొహం తెల్లబోయింది. ఈ చేత్తో ఏది చేసినా నీకు చెడుపే అవుతాంది అని గొణిగింది. గడప మీద కూలబడింది.

"మన్ను పోసి తిట్టినదీ నేనే. మళ్ళా ఆ తూములోకే పోతాండావని తెలిసినాక నాకు కూడు దిగలేదు నాయనా. తిట్టేది వచ్చు గాని, తిట్టిన తిట్టు ఎనక్కి తీసేదానికి నాకు మంత్రం రాదు. ఈ ఎర్రపొడి ఒకటే తెలుసు."

రెండేళ్ళలో సోమన్న అన్నం గురించిగాని, అతని ప్రాణం గురించిగాని ఎవరూ అడగలేదు. అడిగించుకునే అర్హత లేదని తనే తీర్మానించుకున్నాడు కాబట్టి ఆ లోటు తెలియకుండా గడిచింది. ఇప్పుడు తెలిసింది. ఆమె లేచి, మంచినీళ్ళు తెస్తానని లోపలికి పోయింది.

చిరంజీవి చేయి చాచాడు. సోమన్న యంత్రాన్ని ఆ చేతిలో పెట్టాడు. చిరంజీవి వేళ్ళు సాన నీళ్ళతో తడిసి ఉన్నాయి. యంత్రం వెంటనే మేలుకుంది. ఇద్దరూ ఒకేసారి తెర మీదికి వంగారు, రెండేళ్ళ కింద గట్టు మీద ఏ పనిముట్టు కొత్తది వచ్చినా వంగినట్టే. చిరంజీవి పది పాసయ్యాడు. రెండు మీటలు నొక్కి పట్టాడు. రాయి మీద పనిచేసే వేళ్ళు, ఒక్కటీ ముందు లేవలేదు. మంచినీళ్ళు అన్నాడు, నొక్కాడు. మీటర్లు అన్నాడు, నొక్కాడు. తేదీ పెట్టాడు. సోమన్న, శశిధర్ కలిసి ఒక్కోసారి ఒక పూట పోగొట్టుకున్న పని అయిదు నిమిషాల్లో అయిపోయింది.

"ఇది అప్పుడుండింటే," అన్నాడు చిరంజీవి. ఆ మాట పూర్తి చేయలేదు.

యంత్రాన్ని తిరిగి ఇవ్వబోతూ పట్టీకి కట్టిన దారం చూశాడు. వేలితో ముడిని తడిమాడు. అతని తడి వేలు తగిలి ముడి బిగిసింది. అప్పటిదాకా మామూలుగా ఉన్న మనిషి మొహంలో నెత్తురు లేకుండా పోయింది. వీధిలో ఉలుల చప్పుడు సాగుతూనే ఉంది. ఒకసారి గడప వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"అన్నా, ఆ పొద్దు తాడు గుంజింది నేనే. నాలుగు తూర్లు."

సోమన్న పందిరి గుంజ పట్టుకున్నాడు. రెండేళ్ళు. రెండేళ్ళుగా తన చేతుల్ని తను దొంగల్ని చూసినట్టు చూసుకున్నాడు. కాంట్రాక్టరు రాసిచ్చిన కాగితం మీద తప్పు నాదేనని వేలిముద్ర వేశాడు. చేతులు అబద్ధం చెప్పలేదన్న సంతోషం ఒక్క క్షణమే. దాని వెనకే కోపం తన్నుకొచ్చింది. ఈ ఒక్క మాట చెప్పడానికి నీకు రెండేళ్ళు పట్టిందేందిరా అని అడిగాడు.

"చెప్తే, ఎందుకు గుంజినావని అడుగుతారు గదన్నా."

చిరంజీవి చెప్పుకుపోయాడు, సానరాయిని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ. మూడోసారి దిగినప్పుడు తూము ఊచలకు ఏదో కట్టి ఉండటం చేతికి తగిలిందట. దీపం దగ్గరగా పెట్టి చూస్తే గోనె మూట. మనిషంత పొడుగు. లోపల ఏముందో విప్పి చూడలేదు, చూడాల్సిన పని కూడా లేకపోయింది. కట్టిన తాడు కొత్తది.

"శవాలు నాకు కొత్తా అన్నా? నీతో ఎన్ని తీసినా. మూటను చూసి భయపడలేదు. ముడిని చూసి భయపడినా." దారం మీది ముడిని బొటనవేలితో నొక్కి పట్టి చూపించాడు. "ఇదే ముడి. రెండు మెలికలు, కొస ఎనక్కి దోపింది. ఈ లోకంలో నువ్వు దప్ప ఇంకొకరు వేయంగా నేను చూడలేదు. అంతకు వారం ముందర తూము కొలతలకని నువ్వొక్కడివే దిగినావు. పైకొచ్చినాక నేను నోరు తెరిస్తే నిన్ను జైల్లో ఏసేవాళ్ళు. తాడు లాగిన తప్పయితే తిట్టి ఇడ్సిపెడతారు. అందుకని ఆ తప్పు నీ మీద పడనిచ్చినా. అదే చిన్నదనుకున్నా."

చెంబు కిందపడిన చప్పుడైంది. మహానందమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. నీళ్ళు ఆమె పాదాల మీదుగా పారి వాకిట్లోకి వస్తున్నాయి.

కాళ్ళు పోయిన కోపంతో వీడు మొహం తిప్పుకున్నాడని సోమన్న ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కాదు. తనను హంతకుడనుకుని, హంతకుడనుకుంటూనే కాపాడాడు. ఆ రెండింట్లో దేనికి ఎక్కువ ఏడవాలో తెలియలేదు. మంచం అంచున కూర్చుని చిరంజీవి భుజం మీద చేయి వేశాడు.

"నేను వేయలేదురా."

చిరంజీవి అతని కళ్ళలోకి చూశాడు. చిన్నప్పుడు గట్టు మీద ఎంత లోతన్నా అని అడిగి, చెప్పింది నమ్మి దూకేసినవాడు. ఇప్పుడూ నమ్మాడు. నమ్మాక అతనికి ఇంకా భయం వేసినట్టుంది.

"నాకు నువ్వు నేర్పినావు. నీకు మీ నాయన నేర్పినాడు. ఆయన ఊరు మునగకముందే పోయినాడంటివి. అయితే వేసిందెవురన్నా?"

మంచం మీద యంత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద లోతు సున్నా. సోమవారం ఆ మూట దగ్గరికి దిగాల్సింది తనే. సోమన్న దారం అందుకుని ముడి విప్పబోయాడు. తడిసిన ముడి, వేళ్ళకు లొంగలేదు.

"మా నాయనకు ఇద్దరు కొడుకులు," అన్నాడు.